వాచ్‌మన్ కుటుంబాన్ని పంపించేసి అపార్ట్‌మెంటుని కంపెనీకి అప్పగించాలా?

వేదాయపాళెం సెక్రటరీ:
మాది నెల్లూరు వేదాయపాళెంలో 30 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. ఈ ఏడు నేను సెక్రటరీ (ఎవరూ ముందుకు రాకపోతే నా మెడకి చుట్టారు). 5 ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయి. ఓనర్లేమో బెంగళూరులో ఒకరు, అమెరికాలో ఒకరు. ఇల్లు ఖాళీనే గదా అని మెయింటెనెన్సు కట్టరు.

మొన్న ఒక మేనేజ్‌మెంట్ కంపెనీ వాళ్లొచ్చారు. రెండు షిఫ్టుల గార్డులు, క్లీనింగు, లిఫ్టు, మోటారు అన్నీ వాళ్లే చూసుకుంటారంట. గేటుకి యాప్ పెడతారు. ఖాళీ ఫ్లాట్లకి వీడియోలు తీసి నెట్‌లో పెట్టి అద్దెకి మనుషుల్ని తెస్తారు. ఇప్పుడు ఫ్లాటుకి 1,500 కడుతున్నాం, అది 2,600 అవుతుంది. ఒకటే షరతు. 11 ఏళ్లుగా సెల్లార్ గదిలో ఉంటున్న వాచ్‌మన్ దంపతులు ఖాళీ చెయ్యాల. ఆ గది కంపెనీ ఆఫీసుకి కావాలంట. ఆదివారం మీటింగు. సగం మంది అటు, సగం మంది ఇటు. మీ దగ్గర ఎట్లా ఉందో చెప్పండి.

మాగుంట లేఅవుట్ అద్దెదారు:
ఫ్లాట్లు నిండాలంటే వీడియో కాదన్నా, మనిషి కావాల. రెండేళ్ల కిందట వీడియోలు చూసి మూడు ఇళ్లకి పోయొచ్చా. వీడియోలో మైదానంలా కనిపించిన హాల్లో సోఫా వేస్తే నడిచే దారి లేదు. నాలుగో చోట వాచ్‌మన్ భార్య బియ్యం చెరుగుతా ఉండింది. చాట పక్కన పెట్టి తాళాలు తెచ్చింది. హాలు చూపించక ముందే వంటింట్లోకి పొయ్యి కుళాయి తిప్పింది. "ఇది బోరు నీళ్లు సార్, ఉప్పగా ఉంటాయి. తాగేదానికి క్యాను వేయించుకోవాల. వెనక గదికి పడమటెండ, మే నెలలో పండుకోలేరు. పిల్లోడిని ముందు గదిలో పండబెట్టుకోండి" అనింది. పక్కన బ్రోకర్ మొహం మాడిపోయింది. నేను సాయంత్రానికల్లా అడ్వాన్సు ఇచ్చేశా. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నా.

ఒంగోలు ఆడిటర్:
బాగుంది. మరి ఆ చాట పక్కన పెట్టి వచ్చినామెకి జీతమెంత?

నేను చాలా అపార్ట్‌మెంట్ల లెక్కలు చూస్తుంటా. ఖర్చుల పుస్తకంలో "వాచ్‌మన్ జీతం" అని ఒక్క లైనే ఉంటుంది. మెట్లు ఊడ్చేది, ముగ్గేసేది, పార్సెళ్లు తీసుకునేది, ఇల్లు చూపించేది ఆమె. డబ్బులు ఆయనకి, అదీ ఒక్క మనిషికి సరిపడా. రాత్రి ఒంటిగంటకి మనం సెకండ్ షో చూసొచ్చి హారన్ కొడితే లేచి గేటు తీసే మనిషే, తెల్లారి 5కి పాలవాడికీ గేటు తియ్యాల. వాళ్ల గదిలో కిటికీ ఉందా? ఆత్మీయత అని మనం మురిసిపోయేది వాళ్ల ఉచిత చాకిరీని చూసి.

ఏజెన్సీ అయితే, 10 మంది పనోళ్లు ఉంటే ఇఎస్ఐ (పనోళ్ల వైద్య బీమా), 20 మంది ఉంటే పీఎఫ్ కట్టక తప్పదు. నిజంగా కడుతున్నారా లేదా చలాన్లు అడిగి చూడండి. ఇంకోటి, ఆ 2,600 మీద 18 శాతం జీఎస్టీ కలిసే ఉందా, తర్వాత తగిలిస్తారా? రాతపూర్వకంగా తీసుకోకుండా సంతకం పెట్టబాకండి.

స్టోన్‌హౌస్‌పేట చేపల పులుసు:
మా దాంట్లో యాప్ పెట్టి ఆర్నెల్లయింది. మొన్న మైపాడు చేపలామెని గేటు దగ్గర ఆపి నా ఫోనుకి నోటిఫికేషన్ పంపారు. నేను ఆఫీసు మీటింగులో ఉన్నా. పదేళ్లుగా వస్తున్న మనిషి, అరగంట ఎండలో నిలబడి పొయ్యిందంట. మా అవ్వ ఆ రోజు పప్పుతో తినింది. యాప్ పేరెత్తితే తిట్లే.

పోర్టు ఉద్యోగిని:
అందరూ మనిషి మనిషి అంటున్నారు. నేను కృష్ణపట్నం పోర్టులో చేస్తున్నా, పెళ్లి కాలా. ఇంటి కోసం నెల్లూరులో నెలన్నర తిరిగా. గేటు దగ్గర మొదటి ప్రశ్న "ఫ్యామిలీనా అమ్మా?" రెండోది, కాస్త గొంతు తగ్గించి, "మనోళ్లేనా?" వాచ్‌మన్‌ని అనేదేముంది, ఓనర్లు నేర్పిందే ఆయన అడిగాడు. చివరికి ఇల్లు దొరికింది యాప్ ఉన్న అపార్ట్‌మెంటులోనే. ఫారంలో ఆధార్, ఉద్యోగం, అంతే. మీ ఖాళీ ఫ్లాట్లకి ఎంతమందిని గేటు నుంచే పంపించేశారో ఒకసారి అడగండి సెక్రటరీ గారూ.

ఒంగోలు ఆడిటర్:
అదీ పాయింటు. అసలు ఆ 5 ఎందుకు ఖాళీగా ఉన్నాయి?

వేదాయపాళెం సెక్రటరీ:
అడిగితే తేలింది. రెండు ఫ్లాట్లు పైఅంతస్తువి, వానొస్తే శ్లాబు కారుతుంది. బిల్డరుని పట్టుకుందామంటే రెరాలో (బిల్డర్ల మీద ఇల్లు కొన్నోళ్లకి రక్షణనిచ్చే చట్టం) లోపాలకి బాధ్యత 5 ఏళ్లే, మాది ఆ చట్టం రాకముందు కట్టింది. కంపెనీ ఎంత మంచి వీడియో తీసినా కారే శ్లాబు కారుతూనే ఉంటుంది. ఇంకో రెండిటికి "ఫ్యామిలీలకే" అని ఓనర్లు పట్టుబట్టారు. పోర్టు మేడమ్ చెప్పిందే నిజం, ఈ ఏడాదిలో నలుగురు వెనక్కి పొయ్యారు.

నేనేమో వాచ్‌మన్ దంపతుల్ని పంపించలేను. 2021 నవంబరు వానలకి సెల్లార్లోకి నీళ్లొస్తే అర్ధరాత్రి ప్రతి తలుపూ కొట్టి బళ్లు పైకి తీయించింది ఆమే. వాళ్ల సామాన్లు మాత్రం తడిసినయ్. కానీ ఆడిటర్ గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇద్దరికీ కలిపి 12,000 ఇస్తున్నాం. ఆమెకి విడిగా జీతం, ఆమె ఖాతాలోనే వేద్దామని, రాత్రికి వేరే గార్డుని పెడదామని, ముందు శ్లాబుకి వాటర్‌ప్రూఫింగ్ చేయిద్దామని రాసుకున్నా. 2,600 కాదు గానీ 2,000 దాకా పోవచ్చు.

ఆదివారం మీటింగుకి వాళ్లిద్దర్నీ కూర్చోబెడదామని కమిటీ గ్రూపులో పెట్టా. "వాళ్లెందుకు?" అని ఒకాయన. మిగతావాళ్లు చూసి ఊరుకున్నారు. ఇందాక కిందికి పొయ్యి, ఆదివారం మీటింగు ఉందమ్మా, రావాలి అని చెప్పా.

"అట్నే సార్, కుర్చీలు ఎన్ని వెయ్యాల?" అనింది.