అదురా, వణుకా, వేపథువా?

కొల్లేటి కొంగ: సుందరకాండలో సీతమ్మ ఎడమకన్ను అదిరే శ్లోకం పొద్దుటినుంచీ బుర్ర తినేస్తోంది. ‘ప్రాకంపతైకం నయనం’ అనా, ‘ప్రాస్పందతైకం’ అనా? కంటి వెనక ఉండే రెటీనా అనే పల్చటి పొర కింద సూది పెట్టే ఆపరేషన్‌లో సర్జన్ చేత్తో పట్టుకునే ‘మైక్రాన్’ అనే రోబో పరికరం మీద వ్యాసం రాస్తున్నాను. చేతిలో సహజంగా ఉండే సన్నటి కదలికకు ‘కంపం’ అని రాసి, అదే సరైన మాటా అని ఆగిపోయాను.

తాటాకు: ‘ప్రాస్పందతైకం నయనం సుకేశ్యా మీనాహతం పద్మమివాభితామ్రమ్’. చేప తగిలిన ఎర్రతామరలా ఒక కన్ను అదిరిందని. ‘కం’ పెట్టినా గణం చెడదు, అందుకే నోట్లో తారుమారవుతుంది. అసలు సంగతి తర్వాతి శ్లోకంలో ఉంది. ఎడమ భుజానికి ‘సమవేపత’ అన్నాడు వాల్మీకి. కంటికి ‘స్పంద’ ధాతువు, చేతికి ‘వేప’ ధాతువు. మీ సర్జన్‌గారిది వేపథువు, అంటే ఒంటి వణుకు.

గుంటూరు మాస్టారు: గీతలో ‘వేపథుశ్చ శరీరే మే’ అన్నదెవరండీ? గాండీవం జారిపోతున్నవాడు! రెటీనా కింద సూది పెట్టే మనిషికి అర్జున విషాదం అంటగడతారా?

థియేటర్ కబుర్లు: రెటీనా విభాగంలో పనిచేస్తాను. చేతిలోని ఈ కదలికకు భయమూ ముసలితనమూ కారణం కాదు. ఎంత చెయ్యి తిరిగిన సర్జన్‌కైనా సెకనుకు 8 నుంచి 12 సార్లు ఉంటుంది, సూది మొన దగ్గర సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదోవంతు. రెటీనా మందమే పావు మిల్లీమీటరు అటూ ఇటూ. లక్స్‌టర్నా జన్యుచికిత్సలో ఆ పొర కింద కంటికి 0.3 మి.లీ. మందు ఎక్కించాలి, పొర బొబ్బలా లేస్తుంది. మొన కాస్త దిగితే కింది పొరకు గుచ్చుకుంటుంది, పైకొస్తే మందు వెనక్కి చిమ్ముతుంది. ‘వణుకు’ అని మాత్రం రాయకండి, పేషెంటు బల్ల దిగి పోతాడు.

గుంటూరు మాస్టారు: అందుకే ‘అదురు’ అంటున్నాను. కన్నదిరినా నేలదిరినా భయంతో పనిలేదు.

తాటాకు: మరి ‘అదురూ బెదురూ లేకుండా’?

గుంటూరు మాస్టారు: భయమంతా బెదురుది. అదురు ఒంటిది.

తాటాకు: ‘గుండె అదిరింది’?

గుంటూరు మాస్టారు: ‘పాట అదిరింది’?

కొల్లేటి కొంగ: ఇంకో చిక్కండీ. మైక్రాన్ చేతి అదురును ‘అణుస్తుంది’ అనొచ్చా?

థియేటర్ కబుర్లు: అనకూడదు. అది పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో చేసింది. పిడి చేతితోపాటు అదురుతూనే ఉంటుంది. ఆ కదలికను కనిపెట్టి, లోపల కరెంటిస్తే పిసరంత కదిలే పిజో మోటార్లు మొనను అంతమేరా ఎదురు దిక్కుకు జరుపుతాయి. అణచేది జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ల ‘స్టెడీ హ్యాండ్’. అక్కడ పరికరాన్ని సర్జన్‌తోపాటు రోబో చెయ్యి కూడా పట్టుకుంటుంది, గట్టి చెయ్యి కాబట్టి అదురు దాన్ని దాటి రాదు.

తాటాకు: ఎదురు కదలికా? అయితే ‘ప్రతిస్పందన’! వాల్మీకి ధాతువే.

గుంటూరు మాస్టారు: ఇవాళ్టి పాఠకుడు కామెంటు అనుకుంటాడు. ‘ఎదురదురు’ అనండి.

కొల్లేటి కొంగ: నాలుక తిరగడం లేదు మాస్టారూ.

తాటాకు: అది వదిలేయండి. మీనాహతం పద్మం అన్నాడే, చేప రేకుకు తగిలిందా, కాడకా? రెప్ప ఒక్కటే అదిరిందంటే రేకుకే.

గుంటూరు మాస్టారు: చేప ఉండేది నీళ్లలో. కాడకే. అందుకే ‘నయనం’ అన్నాడు, రెప్ప అనలేదు.

కొల్లేటి కొంగ: వ్యాసం రేపు పంపాలండీ.

తాటాకు: మాస్టారూ, తామరాకు నీళ్లమీదే ఉంటుంది, పువ్వు కూడా ఒక్కోసారి అంతే. చేప ఎగిరితే?