మామ్మ పడవ ఎక్కేశాక ఇంకేం రాయాలి?

లంకగాలి:
2022 జూలై వరద మీద ఓ కథ రాశానండి. కోనసీమలో ఓ లంక ఊరు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఊరంతా పడవలెక్కేస్తుంటే మామ్మ మాత్రం ఆవుని వదిలి రానని అరుగు మీద కూర్చుంది. నీళ్లు అరుగెక్కాయి. ఆఖరికి తనే పలుపు విప్పి, ఆవుని ఏటిగట్టు వైపు తోలేసి, పడవలో కూర్చుంది. అక్కడ ఆపేశాను.

మా అక్క చదివి "ఇంతకీ ఆవు దొరికిందా?" అంది. పత్రికవాళ్లేమో ముగింపు హడావిడిగా ఉందని తిప్పి పంపేశారు. క్లైమాక్స్ అయిపోయాక ఇంకా రాస్తే చప్పబడిపోదా? సినిమాలో విలన్ పడిపోగానే జనం చెప్పులు వెతుక్కుంటారు కదా.

పాతమాస్టారు:
చెప్పులు వెతుక్కునేది హాల్లో నాయనా, పుస్తకం ముందు కాదు. మన నాట్యశాస్త్రం నాటక కథకి చెప్పిన అయిదు సంధుల్లో, అంటే భాగాల్లో, ఆఖరిది నిర్వహణ. అంతకుముందు చల్లిన గింజలన్నీ పంటకొచ్చేది అందులోనే. జర్మనీలో ఫ్రైటాగ్ అనే ఆయన 1863లో నాటకానికి బొమ్మ గీస్తే, శిఖరాన్ని చివర కాదు, నడిమధ్యన పెట్టాడు. ఎక్కినవాడు దిగాలి కదా! ఫ్రెంచివాళ్లు ఈ ఆఖరి భాగానికి వాడే మాటకి అర్థమే ముడి విప్పడం. మీ మామ్మ పలుపు విప్పింది, నువ్వే ముడి విప్పలేదు.

భారతం చూడు. సౌప్తిక పర్వంతో కురుక్షేత్రంలో చంపుకోవడాలు అయిపోతాయి. ఇంకా ఎనిమిది పర్వాలున్నాయి. తిక్కన ఒక్కటీ వదల్లేదు. గెలిచిన ధర్మరాజు నాకీ రాజ్యం వద్దని ఏడ్చేది అక్కడే. అలాగని నువ్వు ఎనిమిది పర్వాలు రాయకు, నీది పది పేజీల కథ.

కొబ్బరాకు:
నాకైతే పడవ దగ్గర ఆపడమే నచ్చింది. ఆవు దొరికేసిందంటే టెన్షనంతా పోతుంది. అందరూ వరసగా నిలబడి నవ్వుతుంటే శుభం కార్డు పడినట్టు మాత్రం చెయ్యకండి బాబూ.

ఏటిగట్టు:
1986 ఆగస్టు వరదకి నేను ఏడో క్లాసు. ఆ రాత్రి గురించి మా ఇంట్లో పెద్దగా ఎవరూ మాట్లాడరు. పడవెక్కాం, బళ్లో పడుకున్నాం, అంతే. చెప్పుకునేదంతా తిరిగొచ్చిన రోజు గురించే. ఇంట్లో పిక్కల్లోతు ఒండ్రు. గాదెలో ధాన్యం మొలకలొచ్చి పులిసిన కంపు. అటక మీద పాము. నాన్న పార పట్టుకుని గుమ్మంలో బురద తోడుతుంటే, మామ్మ ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్లి మాగాయ జాడీకి కట్టిన గుడ్డ విప్పింది. నేను వెనకాలే ఉన్నాను. జాడీ నిండా గోదారి నీళ్లు, పైన ఎర్రగా నూనె తెట్టు. కాసేపు చూసి, మళ్లీ అదే గుడ్డ, అదే ముడి, బిగించి కట్టేసింది. బయటికొచ్చి నాన్నతో "జాడీ బాగానే ఉందిరా" అంది. వారం రోజులు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

నన్నడిగితే, ఆవు సంగతి ఒక్క వాక్యంలో తేల్చేయండి. దొరికిందో, పోయిందో, ఇంకా రాలేదో. మీ అక్క అడిగింది న్యాయమైన మాట, దాచిపెడితే చదివేవాళ్లకి ఒళ్లు మండుతుంది. పేజీ ఖర్చుపెట్టాల్సింది మామ్మ మీద. వదలనన్న మనిషి తన చేత్తోనే వదిలేసింది కదా, వరద తీశాక పాకలో ఖాళీ రాట ముందు నిలబడి ఏం చేస్తుంది? అదొక్కటి రాయండి. కొత్త మనుషుల్ని తేకండి, కొత్త గొడవ పెట్టకండి. అధికారులొచ్చి బియ్యం పంచే సీను అసలొద్దు, ప్రతి వరద కథలోనూ అదే!

లంకగాలి:
ఆవు ఇంకా రాలేదు. అయినా మామ్మ కుడితి కలిపి తొట్లో పోస్తుంది. ఇలా రాస్తే బాగుంటుందా? మీ జాడీ కూడా వాడుకోనా అండీ?

ఏటిగట్టు:
జాడీ ఇవ్వను, అది నేనే రాసుకుంటాను ఎప్పుడో. కుడితి బాగుంది. కాకపోతే ఊరంతా మునిగి తేలిన రోజు ఆవిడకి తవుడు ఎక్కడ దొరికిందో ముందు చూసుకోండి.