టాగ్ వేసి డేవిస్ వెళ్ళిన సైన్స్ అమ్మాయిలూ, కాస్త చెప్పండి

సిరి_బయో:
బే ఏరియాలో కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళు చదివి యూనివర్సిటీకి మారే కాలేజీ) రెండో ఏడాది, బయాలజీ. సెప్టెంబరులో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) డేవిస్‌కి టాగ్, అదే ట్రాన్స్‌ఫర్ సీటు గ్యారంటీ అప్లికేషన్, వేస్తున్నా. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఇక్కడే ముగించాలా, అక్కడికెళ్ళి మొదలుపెట్టాలా? ఇంకోటి, ఇక్కడ నా ల్యాబులో లాటినా, బ్లాక్, ఫిలిపినో అమ్మాయిలే ఎక్కువ, మేమంతా కలిసిపోయాం. అక్కడ మనలాంటివాళ్ళని ఎలా చూస్తారు?

కెమ్_అక్క:
ఎలా చూస్తారో చెప్తా విను. ట్రాన్స్‌ఫరయ్యాక మొదటి ల్యాబులో నేనూ, ముగ్గురబ్బాయిలూ. బ్యూరెట్ నా చేతికి రాకముందే "నీ రైటింగ్ బాగుంటుంది, నోట్‌బుక్ నువ్వు రాయి" అన్నారు. అప్పటికి నా రైటింగ్ ఎవడూ చూడనే లేదు! తర్వాతి వారం నుంచి ముందే వెళ్ళి, గ్లవ్స్ తొడుక్కుని, నోట్‌బుక్ ఎదుటివాడి ముందుకు తోసేదాన్ని. మొహాలు మాడ్చుకున్నారు, మాడ్చుకోనీ.

సర్క్యూట్_రాణి:
నేను టాగ్ లేకుండానే బర్క్లీ కొట్టాను, ఎలక్ట్రికల్. టాగ్ ఆరు యూసీ క్యాంపస్‌లకే. బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇవ్వవు. దమ్మున్నవాళ్ళు వాటికి వేయాలి. అసిస్ట్ సైటు నాకు కంఠతా వచ్చు, ఏ కోర్సు దేనికి సమానమో అడగండి.

పెసరట్టు_ఆంటీ:
ఈ "మనలాంటివాళ్ళు" ఏంటమ్మా? మన పిల్లలు ఏ క్యాంపస్‌లో చూసినా కిటకిటలాడుతున్నారు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ లెక్కల్లో కూడా ఆసియావాళ్ళు "తక్కువున్న వర్గం" కిందకి రారు. అందుకే మనకి ఏ ప్రోగ్రామూ దక్కదు, అన్నీ వేరేవాళ్ళకే.

వ్యాలీ_పిల్ల:
ఆంటీ, ఆసియావాళ్ళందరినీ ఒకే గాటన కట్టకండి. నాది ఫ్రెజ్నో. నా ల్యాబ్ పార్ట్‌నర్ హ్మాంగ్ అమ్మాయి, శరణార్థుల కుటుంబం, ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఆమె, మీ అబ్బాయి ఒకటేనా?

పెసరట్టు_ఆంటీ:
మా అబ్బాయి ఊసు నీకెందుకు? నేను సీట్ల సంగతి అన్నాను.

వ్యాలీ_పిల్ల:
సీట్ల సంగతే వినండి. కాలిఫోర్నియా ఓటర్లు తెచ్చిన చట్టం, ప్రపోజిషన్ 209, పాసైంది 1996లో. అప్పటినుంచి యూసీలో జాతి చూసి సీటివ్వడానికి లేదు. మెసా (సైన్స్, ఇంజనీరింగ్ చదివేవాళ్ళకి చదువులో సాయం చేసే ప్రోగ్రాము) కూడా అంతే, ఇంటి పరిస్థితి చూస్తారు. ఇన్నేళ్ళయినా వాట్సాప్‌లో అదే ఏడుపు.

సర్క్యూట్_రాణి:
మెసా వల్ల ఒరిగేదేం లేదు. నేను ఒంటరిగానే చదివాను.

కెమ్_అక్క:
నువ్వు చదివావులే తల్లీ. నాకు ఫిజిక్స్ గట్టెక్కింది మెసా రూములోనే. అక్కడ ఒక బ్లాక్ సీనియర్ అమ్మాయి లేకపోతే టార్క్ అన్నమాట వింటేనే పారిపోయేదాన్ని. ఇక ఆంటీ, కమ్యూనిటీ కాలేజీ అనగానే "పాపం, ఎక్కడా రాలేదా?" అనేది మన పార్టీల్లో మనవాళ్ళే. మిగతావాళ్ళ సంగతి తర్వాత చూద్దాం.

పెసరట్టు_ఆంటీ:
నేనెప్పుడూ అలా అనలేదు.

హెచ్4_కష్టాలు:
మీరు కొట్టుకోండి. మా చెల్లికి 21 నిండగానే హెచ్4 (నాన్న వర్క్ వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) పోయింది, సరిగ్గా ట్రాన్స్‌ఫర్ మధ్యలో. ఎఫ్1కి, అంటే విదేశీ విద్యార్థి వీసాకి, మారాల్సొచ్చింది. ఫీజు బిల్లు చూసి నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఎవరైనా ఇలాంటి పరిస్థితిలో గట్టెక్కారా?

సిరి_బయో:
నా ఆర్గానిక్ సంగతి ఎవరైనా చెప్తారా, ప్లీజ్?

కెమ్_అక్క:
మొదలుపెట్టిన చోటే సిరీస్ మొత్తం ముగించు. డేవిస్‌లో క్వార్టర్లు, మీ దగ్గర సెమిస్టర్ అయితే ఒక ముక్క ఇక్కడా ఒక ముక్క అక్కడా అతకవు, మళ్ళీ మొదటికొస్తావు. అసిస్ట్‌లో మీ కాలేజీ పేరు, డేవిస్, నీ మేజరు పెట్టి చూడు. ఏ కోర్సులు కలిపి తీసుకోవాలో అందులో ఉంటుంది. ఆ పేజీ ప్రింట్ తీసుకుని కౌన్సిలర్ ముందు పెట్టు, నోటిమాట నమ్మకు.

సర్క్యూట్_రాణి:
నేను అదే చెప్పబోతున్నా.

వ్యాలీ_పిల్ల:
హెచ్4 అక్కా, మా కజిన్‌ది అచ్చం ఇదే కేసు. ఇన్‌బాక్స్ చూడు.