సైన్యాధికారి రాజకీయాల్లోకి రావాలంటే విరామ గడువు ఉండాలా?

ఓరుగల్లు ఓటరు:
మన జిల్లాల్లో ‘కెప్టెన్’ అంటే చాలు, లక్ష్మీకాంతరావు గారే గుర్తొస్తారు. 2004లో హుజూరాబాద్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు, 2008 ఉపఎన్నికలోనూ గెలిచారు, 2016 నుంచి 2022 దాకా రాజ్యసభలో ఉన్నారు. సైన్యం వదిలిన చాలా ఏళ్లకు చట్టసభకు వచ్చిన మనిషి కాబట్టి ఆయనతో నాకు పేచీ లేదు. నా పేచీ నిన్న యూనిఫాం విప్పి ఇవాళ కండువా కప్పుకునేవారితోనే. జనరల్ వి.కె. సింగ్ 2012 మే 31న సైన్యాధిపతిగా పదవీ విరమణ చేశారు. 2013 సెప్టెంబరులో హర్యానాలోని రేవాడీలో మాజీ సైనికుల సభలో మోదీతో కలిసి వేదికెక్కారు. 2014 మార్చిలో బీజేపీలో చేరారు, మేలో ఎంపీ అయ్యారు. ఇదంతా రెండేళ్లు నిండకుండానే! సర్వీసులో ఉన్న జనరళ్లు దీన్ని చూసి ఏం నేర్చుకుంటారు? రిటైర్‌మెంటుకూ పార్టీలో చేరడానికీ మధ్య ఐదేళ్ల విరామాన్ని చట్టంలో పెట్టాల్సిందే.

మాజీ హవల్దారు, పరకాల:
ఐదేళ్లా? ఇసుక కాంట్రాక్టరు పొద్దున పార్టీలో చేరి సాయంత్రానికి టికెట్ తెచ్చుకుంటాడు, ఆయనకు ఏ గడువూ లేదు. సర్వీసులో ఉన్నన్నాళ్లు మేము పార్టీలో చేరకూడదు, రాజకీయ సభకు వెళ్లకూడదు. రాజ్యాంగం 33వ అధికరణ ప్రకారం మా హక్కులకు పార్లమెంటే పరిమితులు పెట్టింది. నోరు మూసుకుని పాటించాం. పింఛను కాగితం చేతికి వచ్చాక కూడా సంకెళ్లేనా?

బీజేపీ నేత మేజర్ జనరల్ ఖండూరీ సంగతి చూడండి. 1990లో సైన్యం నుంచి విరమించి 1991లోనే లోక్‌సభకు వెళ్లారు. 2018 మార్చిలో ఆయన అధ్యక్షతన పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం, సైన్యం దగ్గరున్న ఆయుధ సామగ్రిలో 68 శాతం కాలం చెల్లినదేనని తేల్చి చెప్పింది. అప్పుడు అధికారంలో ఉన్నది ఆయన సొంత పార్టీయే! కొన్ని నెలలకు ఆయన్ను ఆ పదవి నుంచి తప్పించారు. ఆ అంకెను అంత నిక్కచ్చిగా సభ ముందు పెట్టడానికి ట్యాంకును ముట్టుకున్న మనిషి కావాలి.

హుజూరాబాద్ మాస్టారు:
మీరిద్దరూ గడువు దగ్గరే ఆగారు. ‘సైనికుడు వస్తే రాజకీయాలకు క్రమశిక్షణ వస్తుంది’ అన్న మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. పటియాలా రాజవంశంలో పుట్టిన పంజాబ్ నేత అమరీందర్ సింగ్ జీవితం చూడండి. 1963లో సైన్యంలో చేరారు, 1965 మొదట్లో రాజీనామా చేశారు, పాకిస్తాన్‌తో యుద్ధం రాగానే తిరిగి వెళ్లారు. ఆ ఒక్క పనికి ఆయనకు నమస్కారం. 1984లో స్వర్ణ దేవాలయంపై సైనిక చర్యకు నిరసనగా కాంగ్రెస్‌నూ లోక్‌సభ సభ్యత్వాన్నీ వదులుకున్నారు. తర్వాత అకాలీదళ్, సొంత పార్టీ, మళ్లీ కాంగ్రెస్, రెండుసార్లు ముఖ్యమంత్రి పదవి, 2021లో రాజీనామా, ఇంకో సొంత పార్టీ, 2022లో పటియాలాలో ఓటమి, ఆ ఏడాదే బీజేపీ. ఇందులో ధైర్యం ఉంది, అలక ఉంది, లెక్కా ఉంది. ఏది రెజిమెంటు నేర్పిందో, ఏది రాజవంశం నుంచి వచ్చిందో ఎవరు తేలుస్తారు? తెల్లవారకముందే హనుమకొండ సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ మైదానంలో చెప్పులు గట్టున వదిలేసి, సైన్యంలో చేరడానికి ఉత్త కాళ్లతో పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలకు ఉద్యోగం కావాలి. వాళ్లను చూపించి ఓట్లడిగేవాళ్లు మాత్రం మనకు తక్కువేమీ లేరు. అందుకే 2019 మార్చిలో, ప్రచారంలో సైనికుల ఫొటోలు వాడొద్దని ఎన్నికల సంఘం పార్టీలను మరోసారి హెచ్చరించాల్సి వచ్చింది.

ఓరుగల్లు ఓటరు:
హవల్దారు గారూ, మీ పింఛను జోలికి నేను రాలేదు. సీనియర్ అధికారి రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పార్టీలో చేరడానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. ఇదెక్కడి న్యాయం? పోనీ, ఖండూరీ ఉదాహరణ గట్టిదే కనుక ఒక మెట్టు దిగుతాను: లెఫ్టినెంట్ జనరల్, ఆపై హోదా వారికి మాత్రమే, రెండేళ్లు. ఒప్పుకుంటారా?

మాజీ హవల్దారు, పరకాల:
ఒప్పుకోను. రిటైరైన సివిల్ అధికారులు ఎన్నికల్లో పోటీ చేయడానికి విరామం పెట్టాలన్న పిటిషన్ 2022లో సుప్రీంకోర్టుకు వెళితే, అది చట్టసభ తేల్చాల్సిన విషయమంటూ కొట్టేసింది. ఆ చట్టసభ కలెక్టర్లకూ జడ్జీలకూ పోలీసు బాసులకూ కలిపి ఒకే గడువు పెట్టనివ్వండి, మొదటి సంతకం నాదే. ఒక్క సైన్యానికే అంటే మాత్రం నా ఓటు పడదు.