శరీరం మోడల్ పిల్లలతో ఇంట్లోనే చేయించినవాళ్లు ఉన్నారా?

మియాపూర్ అమ్మ:
మా బాబు ఏడో తరగతి. ఊపిరితిత్తుల మోడల్ చేసి తెమ్మన్నారు. రెండు లీటర్ల సీసా అడుగు కోసి, మూతలోంచి స్ట్రాలు దూర్చి, వాటికి రెండు బెలూన్లు కట్టాం. అడుగున పెద్ద బెలూన్ రబ్బరు బిగించాం. కింద ఎంత లాగినా లోపలి బెలూన్లు ఉబ్బడం లేదు. నిన్న రాత్రి పదింటి దాకా కూర్చున్నాం, వాడు అన్నం కూడా సరిగ్గా తినలేదు. సోమవారం ఇవ్వాలి. కోఠీ వెళ్లి రెడీమేడ్‌ది కొనేయమంటున్నారు మావారు. టెన్షన్‌గా ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ టీచర్:
కొనకండమ్మా, దాదాపు అయిపోయింది మీ పని. మూత దగ్గర గాలి లీకవుతోంది. స్ట్రాల చుట్టూ ఎం-సీల్ బాగా ఒత్తి, రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత మూత మీద సబ్బు నురగ రాసి, అడుగు రబ్బరును పైకి నొక్కండి. బుడగ వచ్చిన చోటే చిల్లు ఉన్నట్టు. సీసా కోసిన అంచుకు టేపు వేశారా? లేకపోతే రబ్బరు అక్కడే చిరుగుతుంది.

బాబుకి ఒక మాట చెప్పండి. బెలూన్లలోకి మనం ఊదడం లేదు. కింద రబ్బరు లాగితే సీసాలో చోటు పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి దానంతటదే లోపలికి వస్తుంది. ఆ రబ్బరే ఉదరవితానం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం (డయాఫ్రం). ఛాతీకి గాయమై ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. మీ సీసాలో నిన్న రాత్రి జరిగింది కూడా అలాంటిదే. పక్కటెముకల మీద చేతులు పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చమనండి. ఎముకలు పైకి లేస్తాయి. సీసా గోడ కదలదు కదా, మన మోడల్‌లో ఆ ఒక్కటీ రాదు. వాడే కనిపెట్టి టీచరుకి చెబితే ఎంత బాగుంటుందో!

అల్వాల్ తాతయ్య:
మా మనవరాలు పోయినేడు జీర్ణవ్యవస్థ చేసింది. చిన్నపేగు దాదాపు 6 మీటర్లని పుస్తకంలో చదివి నమ్మలేదు. మా ఆవిడ పాత నూలు చీర తీసి హాల్లో పరిచింది. అయిదున్నర మీటర్లు వచ్చింది. ఇంకో అర మీటరు గుడ్డ కలిపి గొట్టంలా కుట్టింది. దాన్ని చెప్పుల డబ్బాలో మడతలు పెట్టి ఇమడ్చడానికి పిల్ల గంటసేపు కుస్తీ పట్టింది. "ఇంత పొడుగుది నా పొట్టలో ఎట్లా పట్టింది తాతా" అని పొట్ట తడుముకుంది.

తర్వాత పాత టర్కీ టవల్ ముక్క ఒకటి, అదే సైజు చీర ముక్క ఒకటి రెండు గ్లాసుల నీళ్లలో ముంచి తీయించాను. టవల్ ముక్క గ్లాసు సగం ఖాళీ చేసింది. పేగు లోపలి గోడకు, అరిగిన ఆహారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు ఆ టవల్ నూగులాగే ఉంటాయని చెప్పాను. ఇప్పటికీ స్నానం చేసి తుడుచుకుంటూ ఆ మాట అంటుంది.

ఉప్పల్ నాన్న:
మాకు చేదు అనుభవం. మా పాప మట్టితో గుండె చేసింది. ఎడమ జఠరిక (గుండె కింది గది) గోడ మందంగా, కుడిది పల్చగా పెట్టింది, ఎడమది ఒళ్లంతటికీ రక్తం పంపాలి కాబట్టి. ఆరాక మట్టి పగిలితే రాత్రి కూర్చుని అతికించింది. బడిలో బహుమతి మాత్రం లైట్లు వెలిగే, కొని తెచ్చిన మోడల్‌కి ఇచ్చారు. పిల్ల వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. పిల్లల్ని రెండు ప్రశ్నలు అడిగితే ఎవరు చేశారో తెలిసిపోదా?

దిల్‌సుఖ్‌నగర్ టీచర్:
తెలిసిపోతుంది సార్. నేనైతే మోడల్ ఎదురుగా పెట్టుకుని అడుగుతాను, మార్కులు జవాబులకే వేస్తాను. పాపను ఆ గుండె దాచుకోమనండి. ఈసారి మట్టిలో కాస్త కొబ్బరి పీచు కలిపి, నీడన ఆరబెట్టండి, పగుళ్లు తగ్గుతాయి.

మియాపూర్ అమ్మ:
మేడమ్, ఉబ్బాయి! చిల్లు రెండో స్ట్రా పక్కన దొరికింది. పొద్దున్నుంచి లాగుతూనే ఉన్నాడు. ఇందాక రబ్బరును టకటకా కుదిపి, "అమ్మా చూడు, దీనికి వెక్కిళ్లు వచ్చాయి" అన్నాడు. నిజంగా వెక్కిళ్లు అలాగే వస్తాయా?

దిల్‌సుఖ్‌నగర్ టీచర్:
అలాగే వస్తాయమ్మా. ఉదరవితానం ఒక్కసారిగా బిగుసుకుంటుంది, వెంటనే గొంతులోని స్వరతంత్రులు మూసుకుంటాయి. ఆ శబ్దం అదే. సోమవారం అందరి ముందూ వాణ్ణే చేసి చూపించమనండి.