కొత్తగా వచ్చాను, చేతిలో డబ్బు తక్కువ. చదువుకీ, కాస్త గేమింగ్‌కీ ఏ కంప్యూటర్ కొనాలి?

అన్నలకు, అక్కలకు నమస్కారం.

మాస్టర్స్ చేయడానికి ఈ మధ్యే విదేశానికి వచ్చాను. వెంట తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్ క్లాసు నోట్స్ తెరవడానికే ఆపసోపాలు పడుతోంది. నా అవసరాలు ఇవీ: అసైన్‌మెంట్లకి కోడింగ్, వీడియో కాల్స్, రాత్రిపూట కాసేపు స్నేహితులతో వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, అప్పుడప్పుడు మైన్‌క్రాఫ్ట్. అంతకు మించి పెద్ద గేమ్స్ ఆడే ఆలోచన లేదు. పార్ట్‌టైమ్ పని ఇంకా దొరకలేదు, అందుకే ఎంత తక్కువలో అయితే అంత మంచిది. ఒకచోట "గేమింగ్" అని రాసి ఉన్న కొత్త ల్యాప్‌టాప్ చవకగా కనిపించింది. మరోచోట ఆఫీసుల్లో వాడి అమ్మేసిన డెస్క్‌టాప్ అందులో సగం ధరకే ఉంది. ఏది తీసుకోమంటారు? వాయిదాల్లో కొనొచ్చా?

* * *

తమ్ముడూ, ఏ గేమ్స్ ఆడతావో ముందే చెప్పావు కాబట్టి సలహా ఇవ్వడం తేలికైంది. చాలామంది "గేమింగ్‌కి ఏది మంచిది" అని మాత్రమే అడుగుతారు, దానికి జవాబు ఉండదు.

వాలొరెంట్‌ని మామూలు మెషీన్ల మీద కూడా నడవాలనే ఉద్దేశంతోనే తయారుచేశారు. మైన్‌క్రాఫ్ట్ కూడా షేడర్లు (వెలుతురు, నీడల్ని అందంగా చూపించే అదనపు హంగులు) పెట్టుకోనంతవరకు ఇబ్బంది పెట్టదు. అసలు బరువంతా కౌంటర్ స్ట్రైక్ 2ది. 2023లో కొత్త ఇంజిన్‌తో అది వచ్చాక, పాత కౌంటర్ స్ట్రైక్ హాయిగా నడిచిన ఎన్నో కంప్యూటర్లు దీని దగ్గర చతికిలబడ్డాయి. కాబట్టి అది తక్కువ సెట్టింగ్స్‌లో సాఫీగా నడిచే మెషీన్ వెతుక్కో, మిగతా రెండింటి గురించి ఆలోచించక్కర్లేదు.

> "గేమింగ్" అని రాసి ఉన్న కొత్త ల్యాప్‌టాప్ చవకగా కనిపించింది

ఆ మాటని అసలు పట్టించుకోకు. స్పెసిఫికేషన్స్‌లో గ్రాఫిక్స్ అన్న వరుస దగ్గర ఏం రాశారో అదే చూడు. ఐ7 అని పెద్దక్షరాల్లో రాసి, గ్రాఫిక్స్ దగ్గర ఉత్త "యూహెచ్‌డీ" (ప్రాసెసర్‌లోనే ఉండే మామూలు గ్రాఫిక్స్) అని ఉంటే ఆ ఐ7 నీకు గేమ్‌లో పెద్దగా అక్కరకు రాదు. తక్కువ డబ్బుతో కొనేటప్పుడు ప్రాసెసర్ హోదా కోసం ఎక్కువ పెట్టడం దండగ. ఎన్100, సెలెరాన్ లాంటి చిప్‌లు ఉన్నవి, స్టోరేజ్ దగ్గర ఈఎమ్ఎమ్‌సీ (ఎస్ఎస్‌డీ కన్నా నెమ్మదైన రకం) అని ఉన్నవి చదువుకే చాలవు, వాటి జోలికి పోకు.

రైజెన్ (ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్) ల్యాప్‌టాప్‌లు చూస్తున్నావంటే ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 7000 సిరీస్‌లో నాలుగంకెల పేరు ఉంటుంది కదా, అందులో మూడో అంకె చూడు. లోపల ఏ తరం డిజైన్ వాడారో చెప్పేది అదే. రైజెన్ 5 7520యూ అనేది పేరుకి కొత్తది, లోపల ఉన్నది జెన్ 2 అనే పాత డిజైన్. దాని గ్రాఫిక్స్ రేడియాన్ 610ఎమ్, అందులో గ్రాఫిక్స్ పని చేసే కంప్యూట్ యూనిట్లు రెండే రెండు. పక్కనే అల్మారాలో ఉండే రైజెన్ 5 7535యూలో 660ఎమ్ ఉంటుంది, దానికి ఆరు యూనిట్లు. 680ఎమ్‌కి పన్నెండు. మొదటి రెండు ల్యాప్‌టాప్‌ల డబ్బాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండింటి మీదా రైజెన్ 5 అనే ఉంటుంది, ధరలో తేడా కూడా ఒక్కోసారి కొద్దిగానే ఉంటుంది. కౌంటర్ స్ట్రైక్ 2 తెరిస్తే మాత్రం తేడా వెంటనే తెలిసిపోతుంది. నువ్వు చూసిన ఆ "గేమింగ్" ల్యాప్‌టాప్ మోడల్ నంబర్ ఏమిటో రాయి.

ఇప్పుడు ర్యామ్ సంగతి. చాలామంది 16 జీబీ ఉందా లేదా అనే చూస్తారు. అది ఒకే స్టిక్‌గా ఉందా, ఎనిమిదేసి చొప్పున రెండుగా ఉందా అన్నది కూడా అంతే ముఖ్యం. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌లో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకటే స్టిక్ ఉంటే డేటా వచ్చే దారి సగానికి సగం ఇరుకైపోతుంది. దీనికి కళ్లకు కనిపించే రుజువు కూడా ఉంది. ఇంటెల్ 11వ, 12వ తరం ల్యాప్‌టాప్‌లు కొన్నింట్లో ఐరిస్ ఎక్స్‌ఈ అనే గ్రాఫిక్స్ ఉంటుంది. అందులో ఒకటే స్టిక్ పెడితే విండోస్‌లో దాని పేరే మారిపోయి మామూలు "యూహెచ్‌డీ గ్రాఫిక్స్" అని చూపిస్తుంది. రెండోది పెట్టగానే మళ్లీ ఐరిస్ ఎక్స్‌ఈ అని వస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు వాడుతున్నారో అక్కడే రాసి ఉంటుంది. ర్యామ్‌ని బోర్డుకే అతికించేసిన ల్యాప్‌టాప్‌లు కూడా ఉంటాయి, అవైతే కొన్నప్పుడు ఎంత ఉందో చివరిదాకా అంతే. 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి "ఇప్పుడు 8 తీసుకుని తర్వాత పెంచుకుంటా" అన్న లెక్క పెట్టుకోకు. 16 ఉన్నదే చూసుకో.

> ఆఫీసుల్లో వాడి అమ్మేసిన డెస్క్‌టాప్

ఇది నిజంగా మంచి దారి, నాకు ఇష్టమైన దారి కూడా. ఆప్టిప్లెక్స్, ఎలైట్‌డెస్క్, థింక్‌సెంటర్ లాంటి పేర్లతో వస్తాయి. గట్టివి, ఏళ్ల తరబడి రోజంతా నడిచేలా కట్టినవి. ఐ5-8500 ఉన్నది దొరికితే దానికి ఆరు కోర్లు ఉంటాయి, నీ కోడింగ్‌కి ధారాళంగా సరిపోతుంది. దాని సొంత గ్రాఫిక్స్ మీద వాలొరెంట్ తక్కువ సెట్టింగ్స్‌లో ఆడొచ్చు. కౌంటర్ స్ట్రైక్ 2కి మాత్రం కార్డు పెట్టాల్సిందే.

ఆ కార్డు పెట్టగలమా లేదా అన్నది డబ్బా సైజుని బట్టి ఉంటుంది. అరచేతి వెడల్పుండే బుల్లి మోడల్ అయితే కార్డు పట్టదు, ఆశ వదులుకో. సన్నటి డబ్బా అయితే సగం ఎత్తుండే లో ప్రొఫైల్ కార్డు మాత్రమే పడుతుంది. పూర్తి సైజు టవర్ అయితే ఎత్తు సమస్య ఉండదు, కానీ ఈ కంపెనీ మెషీన్లలో పవర్ సప్లై చిన్నది, చాలావాటిలో కనెక్టర్లు కూడా వాటి సొంత రకం. బజార్లో దొరికే మామూలు పవర్ సప్లై తెచ్చి బిగించడం కుదరకపోవచ్చు. అందుకే విడిగా పవర్ వైరు అడగని కార్డు కావాలి. స్లాట్ నుంచి 75 వాట్ల వరకు కరెంటు వస్తుంది. ఆ లోపల నడిచేవి జీటీఎక్స్ 1650లో కొన్ని మోడల్స్, ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది, ఆర్‌ఎక్స్ 6400. వీటిలో ఆర్‌ఎక్స్ 6400 చవకగా దొరికినా నువ్వు తీసుకోకు. అది బోర్డుతో డేటా మార్చుకునే దారులు (లేన్లు) నాలుగింటి మీదే పనిచేస్తుంది కాబట్టి ఐ5-8500 కాలపు బోర్డుల్లో పెడితే వేగం తగ్గుతుంది. వాడిన 1650 అయితే నీ మూడు గేమ్స్‌కీ చాలు.

తరం విషయంలో మాత్రం రాజీ పడొద్దు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే 8వ తరం, రైజెన్ అయితే దాదాపు 2000 సిరీస్ నుంచి పైన ఉండాలి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. అంతకన్నా పాతవాటిలో ఆ తనిఖీని తప్పించి విండోస్ 11 ఎక్కించి అమ్మేవాళ్లు ఉన్నారు. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది, బ్రౌజర్ నడుస్తుంది. ఇంటికొచ్చి వాలొరెంట్ తెరిస్తే వాన్ 9001 అనే ఎర్రర్ వచ్చి ఆగిపోవచ్చు. విండోస్ 11లో వాలొరెంట్ యాంటీ చీట్ (ఆటలో మోసాల్ని అడ్డుకునే ప్రోగ్రామ్) టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలవ్వనిచ్చే సెట్టింగ్) రెండూ ఆన్‌లో ఉంటే తప్ప గేమ్‌ని తెరవనివ్వదు. లైనక్స్ వేసుకుందామంటే అక్కడ వాలొరెంట్ అసలు నడవదు.

> ఏది తీసుకోమంటారు?

గది మారే అవకాశం ఉందా, లేదా? వచ్చిన మొదటి ఏడాది చాలామంది ఇల్లు మారుతూనే ఉంటారు. డెస్క్‌టాప్ అంటే మానిటర్, కీబోర్డ్, బల్ల అన్నీ మోయాలి, వాటి ఖర్చు కూడా కలుపుకోవాలి. క్లాసుకి ల్యాప్‌టాప్ ఎలాగూ కావాలి కదా. పాతది నోట్స్‌కి ఏదోలా ఈడ్చుకొస్తుంది అనుకుంటే టవర్ డెస్క్‌టాప్, 1650 కార్డు తీసుకో. పాతది పూర్తిగా చేతులెత్తేస్తే, వాడిన ల్యాప్‌టాప్‌లలో 660ఎమ్ లేదా 680ఎమ్ ఉన్న రైజెన్ గానీ, జీటీఎక్స్ 1650 ఉన్నది గానీ చూడు. కొత్తదే కావాలన్న పట్టుదల మాత్రం వద్దు. ఈ బడ్జెట్‌లో కొత్తది అంటే ఏదో ఒకచోట కోత పడినదే దొరుకుతుంది.

వాయిదాలు వద్దు తమ్ముడూ. వచ్చిన కొత్తలో అనుకోని ఖర్చు ఎటునుంచి వస్తుందో తెలియదు. ఒక్క నెల వాయిదా తప్పితే ఆ టెన్షన్ చదువు మీద పడుతుంది. చేతిలో ఉన్నంతలోనే కొను.

* * *

తమ్ముడూ, అన్న చెప్పినవాటికి తోడు వాడినది కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని చెప్తాను.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అన్నిటికంటే ముందు ఇది చెయ్యి: అమ్మే మనిషి ముందే దాన్ని పూర్తిగా రీసెట్ చేయించి, వైఫైకి కలిపి సెటప్ మొదలుపెట్టు. ఏదైనా కంపెనీ పేరు వచ్చి "మీ ఆఫీసు ఖాతాతో సైన్ ఇన్ అవ్వండి" అంటే అది ఇంకా ఆ కంపెనీ నిర్వహణలోనే ఉందన్నమాట. ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దను. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్) వెళ్లి పాస్‌వర్డ్ అడగడం లేదని కూడా చూసుకో. పాస్‌వర్డ్ ఉంటే సెక్యూర్ బూట్ లాంటివి నువ్వు మార్చుకోలేవు.

బ్యాటరీ సంగతి మాటల్లో నమ్మకు. విండోస్ తనే బ్యాటరీ రిపోర్ట్ తీసి ఇస్తుంది. అందులో తయారైనప్పటి కెపాసిటీ, ఇప్పుడు నిండేది రెండూ పక్కపక్కనే ఉంటాయి. 50 నిండాల్సినది 25 దగ్గర ఆగుతుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడుగు.

వీలైతే ఛార్జర్ పెట్టి ఓ అరగంట ఏదైనా గేమ్ నడిపించి చూడు. మొదటి పది నిమిషాలు అన్నీ బాగానే ఉంటాయి, వేడెక్కాకే నిజం బయటపడుతుంది. ఆట ఉన్నట్టుండి నత్తనడక పడితే లోపల దుమ్ము పేరుకుందనో, చిప్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందనో అనుకోవచ్చు. బాగు చేయించుకోవచ్చు, కానీ అదీ ఖర్చే. ఛార్జర్ అసలుదేనా, ఎన్ని వాట్లదో కూడా చూడు. తక్కువ వాట్లది పెడితే గ్రాఫిక్స్ పూర్తి వేగం అందుకోదు.

ఇంకో రెండు చిన్న విషయాలు. కీబోర్డ్ అమరిక దేశాన్ని బట్టి మారుతుంది. ఫ్రెంచ్ కీబోర్డులో క్యూ ఉండాల్సిన చోట ఏ ఉంటుంది, జర్మన్ దాంట్లో వై, జెడ్ తారుమారు. కోడింగ్‌లో వాడే బ్రాకెట్లు కూడా వేరే చోట ఉంటాయి, అలవాటు పడగలనా అని ఆలోచించుకుని కొను. డెస్క్‌టాప్‌ని ఎప్పుడైనా మరో దేశానికి తీసుకెళ్తే ప్లగ్గులో పెట్టే ముందు పవర్ సప్లై మీద రాసినది చదువు. 100 నుంచి 240 అని ఉంటే ఏ ఇబ్బందీ లేదు. వెనక ఎర్ర స్విచ్ ఉన్న పాత రకం అయితే దాన్ని అక్కడి వోల్టేజీకి మార్చకుండా పెడితే కాలిపోవచ్చు.

* * *

అన్నా, అక్కా, చాలా థాంక్స్. ఆ "గేమింగ్" ల్యాప్‌టాప్ చూశాను, అది సరిగ్గా 7520యూనే! వదిలేశాను. ఇంకొక్క సందేహం. నా స్నేహితులందరూ మన దేశపు సర్వర్లోనే ఆడతారు. మంచి గ్రాఫిక్స్ తీసుకుంటే పింగ్ (సర్వర్‌కి సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే సమయం) తగ్గుతుందా? లేదంటే క్లౌడ్ గేమింగ్ (గేమ్ వేరేచోటి కంప్యూటర్లో నడిచి, బొమ్మ మాత్రం మన తెర మీదకి వచ్చేది) పెట్టుకుని అసలు కంప్యూటరే కొనకుండా ఉండొచ్చా?

* * *

తగ్గదు తమ్ముడూ. పింగ్ దూరాన్ని బట్టి ఉంటుంది, కంప్యూటర్‌ని బట్టి కాదు. ఫైబర్ కేబుల్లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ప్రతి 1000 కిలోమీటర్ల దూరానికీ రానూ పోనూ కలిపి 10 మిల్లీసెకన్లు. సర్వర్ 8000 కిలోమీటర్ల అవతల ఉంటే ఎంత గొప్ప మెషీన్ కొన్నా 80కి తగ్గదు. కేబుళ్లు తిన్నగా వెళ్లవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే ఉంటుంది. పైగా వాలొరెంట్ ఖాతా ఏ ప్రాంతానిదైతే ఆ ప్రాంతపు సర్వర్లలోనే ఆడనిస్తుంది. నీ ఖాతాని ఇక్కడికి మార్పించుకుంటే పింగ్ బాగుంటుంది, కానీ పాత జట్టుతో ఆడలేవు. ఇది బాధగానే ఉంటుందని తెలుసు. వాళ్లతో మైన్‌క్రాఫ్ట్ ఆడుకో. కట్టుకోవడం, తవ్వుకోవడం లాంటి వాటికి పింగ్ కాస్త ఎక్కువైనా తెలియదు, కబుర్లకీ అదే బాగుంటుంది. షూటింగ్ గేమ్స్‌కి ఇక్కడ దగ్గర్లో ఉన్నవాళ్లని వెతుక్కో. రౌటర్ నుంచి కేబుల్ లాగగలిగితే లాగు. నలుగురు పంచుకునే వైఫైలో పింగ్ ఎగుడుదిగుళ్లే ఎక్కువ విసిగిస్తాయి.

క్లౌడ్ సంగతికొస్తే, జీఫోర్స్ నౌ అనే క్లౌడ్ గేమింగ్ సర్వీసులో కౌంటర్ స్ట్రైక్ 2 ఉంది, ఉచిత ఖాతాతో ఒక విడతకి గంట ఆడొచ్చు, వరుసలో వేచి ఉండాలి. వాలొరెంట్ మాత్రం అందులో లేదు. కొనేదాకా కాలక్షేపానికి పనికొస్తుంది కానీ దాన్నే నమ్ముకోవద్దు.

* * *

అన్నా, ఒకాయన రైజెన్ 5 6600హెచ్ ల్యాప్‌టాప్ అమ్ముతున్నారు. 660ఎమ్, 16 జీబీ, 512 జీబీ ఎస్ఎస్‌డీ. నా బడ్జెట్‌లోనే ఉంది. రేపు చూడ్డానికి వెళ్తున్నా.

* * *

నీ అవసరానికి సరిపోయేదే. వెళ్లే ముందే టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ ఫొటో తీసి పంపమని ఆయన్ని అడుగు. స్లాట్లు రెండూ నిండి ఉంటే అడిగిన ధరకి అటూ ఇటుగా తీసుకో. ఒకటే నిండి ఉంటే రెండో స్టిక్ ధర ఎంతో కనుక్కుని, అంత తగ్గిస్తేనే తీసుకుంటానని చెప్పు. అక్క చెప్పిన రీసెట్ మాత్రం ఎదురుగా చేయించకుండా డబ్బులు ఇవ్వకు.