డీ డ్రైవ్‌ల కాపీ ఉన్నది అనుకున్న, డిస్కే పోయింది. ఏమన్న చెయ్యొచ్చా?

హన్మకొండ డీటీపీ:
అన్నలకు నమస్తే. హన్మకొండ చౌరస్తా దగ్గర చిన్న డీటీపీ షాపు నాది. పెండ్లి కార్డులు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు, ఫ్లెక్సీలు. పదకొండేండ్ల పని ఒక్క సిస్టంల ఉన్నది. మొన్న బేస్తారం మాపటికి వాన పడి కరెంటు నాలుగు మాట్ల పోయి వచ్చింది. యూపీఎస్ బ్యాటరీ ఎండకాలంలనే సచ్చింది, రేపు మారుస్త ఎల్లుండి మారుస్త అనుకుంటనే ఉన్న. నాలుగోసారి కరెంటు వచ్చినంక సిస్టం ఎత్తుకోలే. సీపీయూకు చెవు పెట్టి వింటే లోపల టిక్కు... టిక్కు... గోడ మీద బల్లి పలికినట్టు.

నవ్వకుండ్రి గని, కాపీ తియ్యనోన్ని కాదు నేను. షాపు పెట్టిన కొత్తల ఒకాయన చెప్పిండు, సీ డ్రైవ్‌ల ఏం పెట్టకు, విండోస్ పోతే అన్నీ పోతయి, డీల పెట్టుమని. నేను డీల ఉన్నదంత నెలనెలా ఈ (E) డ్రైవ్‌లకు కూడా కాపీ కొట్టేది. ఫోల్డర్ పేరే ‘బ్యాకప్’. మెకానిక్ పిల్లగాడు చూసి, "అన్నా, సీ, డీ, ఈ అన్నీ ఒక్క డబ్బలనే ఉంటయి. ఒక ఇంట్ల మూడు అర్రలు. ఇల్లే కూలినంక ఏ అర్ర మిగుల్తది" అన్నడు.

శ్రావణం కార్డులు తొమ్మిది చేతిల ఉన్నయి. రికవరీ సాఫ్ట్‌వేర్ వేస్తే వస్తదా? ఒకాయన డిస్కు ఫ్రిజ్‌ల పెట్టుమంటున్నడు.

కాజీపేట సిస్టం సర్వీస్:
ముందుగాల వైరు పీకెయ్ తమ్మీ, మళ్ల ఆన్ చెయ్యకు. ఆ టిక్కు టిక్కు అంటే చదివే హెడ్డు జాగ దొరకక కొట్టుకుంటున్నదన్నట్టు. డెస్క్‌టాప్ డిస్కు ఎక్కువ శాతం నిమిషానికి 7200 సార్లు తిరుగుతది. ఆ వేగంల హెడ్డు లోపల తిరిగే పల్లేనికి గీసుకున్నదనుకో, ఆ గీత కాడి డేటాను బ్రహ్మదేవుడు కూడా తేలేడు. సాఫ్ట్‌వేర్లు డిస్కు మంచిగుండి పొరపాటున డిలీట్ కొట్టినప్పుడు పనికొస్తయి. అప్పుడు పద్దు పుస్తకంల పేరు కొట్టేసినట్టే, దాని జాగల ఇంకోటి పడేదాక సరుకు గోదాంల ఉంటది. నీది గోదాం తలుపే విరిగింది. డిస్కు తప్పులు సరిచేసే విండోస్ ప్రోగ్రాం చెక్‌డిస్క్ అసలే వెయ్యకు. ఫ్రిజ్ ముచ్చట మర్చిపో, బయటికి తియ్యంగనే చెమ్మ పడతది. మూత ఇప్పి చూస్త అనేటోనికి ఇయ్యకు. హైదరాబాదుల క్లీన్ రూమ్, అంటే దుమ్ము లేని గది ఉన్న ల్యాబ్‌కు పంపు. వేలల్ల అయితది. డేటా రాకుంటే ఎంత తీసుకుంటరో ముందే అడుగు.

హంటర్ రోడ్ ఫోటో స్టూడియో:
నీకంటే నేను తెలివిగల్లోన్ని అనుకున్న. పెండ్లి వీడియోలన్నిటికి వేరే ఎక్స్‌టర్నల్ డిస్కు ఉండె నాకు. 2023 జులైల వానలకు మా దిక్కు నీళ్లొచ్చినయి సూడు, సీపీయూ కింద ఉండె, ఎక్స్‌టర్నల్ డిస్కు అదే టేబుల్ అడుగు సొరుగుల ఉండె. రెండూ ఒక్క నీళ్లల్లనే మునిగినయి. సొరుగు ఇప్పితే బురద, నడిమిట్ల డిస్కు. ఇప్పుడు రెండు డిస్కులు పెట్టిన. ఒకటి స్టూడియోల, ఒకటి జనగామల మా అత్తగారింట్ల బీరువాల. అమావాస్య నాడు ఆర్డర్ ఇయ్యనీకి ఎవ్వరు రారు కాబట్టి ఆ రోజే పోయి మారుస్త. మా అత్తమ్మ అనుకుంటది అల్లునికి నా మీద ప్రేమని.

కేయూ రీసెర్చ్ స్కాలర్:
గూగుల్ డ్రైవ్‌లో సింక్ పెట్టుకుంటే సరిపోతుందని మాత్రం అనుకోకండి. నా థీసిస్ ఫోల్డర్‌ని మా తమ్ముడు ల్యాప్‌టాప్‌లో డిలీట్ చేస్తే డ్రైవ్‌లోనూ మాయమైంది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. నేను చూసుకునేసరికి ఇరవయ్యో రోజు, బతికిపోయాను. ఇంకొకటి, అనూ ఫాంట్లు కూడా ఫైళ్లతో పాటే కాపీ తీసుకోండి. ఆ ఫాంట్లు లేని సిస్టంలో తెరిస్తే మన తెలుగంతా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది.
అన్నట్టు, మీరు కస్టమర్లకు ప్రూఫ్‌లు వాట్సాప్‌లో పంపలేదా? వాళ్ల ఫోన్లలో ఉండాలి కదా!

హన్మకొండ డీటీపీ:
కేయూ అన్నా, నీకు దండం. ఆ ముచ్చట నా తలకాయకు తట్టనే లేదు. తొమ్మిదిట్ల అయిదింటికి పీడీఎఫ్‌లు దొరికినయి, డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌ల తెరిస్తే డిజైన్ వచ్చింది, మ్యాటర్ మాత్రం కొన్ని జాగల్ల మళ్ల కొట్టాలె. మూడు ఫోటో లెక్క పంపిన, మసక మసక, చూసుకుంట టైపు చేస్తున్న. ఒక్కటి పరకాల ఆయనది. ఆయన ఫోనే మార్చిండు, గని ప్రూఫ్ కాయితానికి నాలుగు మూలల పసుపు పెట్టి దేవుని అర్రల దాచుకున్నడట, తెచ్చిచ్చిండు. చూస్తే దాంట్ల మేనమామ పేరు తప్పు. నేనే కొట్టిన, ఆయనే ఓకే అన్నడు.

డిస్కును తువ్వాలల చుట్టి హైదరాబాద్ పోయి ఇచ్చొచ్చిన. ఇంక ఫోన్ రాలే. ఎల్లుండి అమావాస్య, ఆ దినం కొత్త వస్తువు కొనద్దని మా అమ్మ అంటున్నది. రేపే రెండు డిస్కులు తెస్త. స్టూడియో అన్నా, నాకు జనగామల అత్తగారిల్లు లేదు, మా చెల్లెకు వర్ధన్నపేట ఇచ్చినం, నడుస్తదా?